డ్రాయింగ్ సారు ఖాళీగా ఉంచమన్న సగం పేజీ

మా పక్కింటి డ్రాయింగ్ సారు పోయిన నెల ఒక గురువారం పొద్దున సూర్యాపేట దవాఖానలో చనిపోయారు. ఊపిరి సరిగా అందడం లేదని తీసుకువెళ్లి అప్పటికి వారం. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారనే అందరం అనుకున్నాం. ఆరున్నరకు సారు భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను పెద్దమ్మ అని పిలుస్తాను. "బిడ్డా, మీ సారు ఇగ లేడు," అంది. ఆమె వెనకాల ఎవరో స్టీలు గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

నేను లేచి వాళ్ల వరండాలోకి వెళ్లాను. దవాఖానకు బయల్దేరే ముందు సారు ఏదో రంగు వేస్తూ మధ్యలో లేచినట్టున్నారు. పాత నెయ్యి డబ్బాలో రెండు కుంచెలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. అలా వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయని బళ్లో పిల్లల మీద కోపం చేసే మనిషి ఆయన. ఆ రెండూ కడిగి, గుడ్డతో ఒత్తి, పిట్టగోడ మీద పడుకోబెట్టాను. ఆ పొద్దున నాకు తోచిన పని అదొక్కటే.

ఆయన కోదాడ నుంచి మేళ్లచెరువు పోయే దారిలో ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టరు. బొమ్మలు నేర్పడానికి వచ్చారు, నాటకం కూడా నేర్పారు. నాటకం నేర్పమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. శనివారం చివరి రెండు పీరియడ్లు డ్రాయింగ్‌కు ఇస్తే, ఒకదాంట్లో పిల్లల చేత తెర మీద రంగులు వేయించేవారు. రెండోదాంట్లో ఆ తెర ముందు నిలబెట్టి మాట్లాడించేవారు. "ఒక్కపారే రెండు పనులైతయి," అనేవారు.

నేను ఆయన విద్యార్థిని కాను. నేను చదివింది మిర్యాలగూడలో, హాస్టల్లో ఉండి, కాన్వెంట్లో. మాకు ప్రతి ఏడూ వార్షికోత్సవం ఉండేది. డాన్స్ మాస్టరు వచ్చేవాడు. వేషాల బట్టలు పెట్టెల్లో కిరాయికి వచ్చేవి. పెద్ద స్టేజీ, రంగు లైట్లు అన్నీ ఉండేవి. నేను మాత్రం పదేళ్లలో ఒక్కసారి కూడా ఆ స్టేజీ ఎక్కలేదు. కార్యక్రమాల పట్టిక అందమైన అక్షరాలతో రాసి సిస్టర్‌కు ఇచ్చి, వెనక వరసలో కూర్చునేదాన్ని. నలుగురిలో గొంతు పెగలదు నాకు. చేతిలో పుస్తకం ఉంటే ఎవరూ మాట్లాడించరని చిన్నప్పుడే కనిపెట్టాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో కోదాడ వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం డాబా మీద చదువుకుంటున్నాను. సారు వాళ్ల డాబా మీద ఏదో పెద్ద గుడ్డ ఆరేస్తున్నారు.

"ఏం బిడ్డా, లోపల్నే చదువుతవా, పైకి గూడ చదువుతవా?" అన్నారు.

"లోపలే సార్."

"పైకి చదివితే ఎవరికన్న ఇనవడతదా?"

"వినపడదు సార్."

"గట్లైతే నువ్వే కావాలె నాకు," అన్నారు చాలా సంతోషంగా. "తెర ఎనక కూసోని అందియ్యనీకి మనిషి లేదు. మా పోరలను కూసోబెడితే ఊరంత ఇనవడేటట్టు అరుస్తున్నరు. శనివారం నాతోని రా."

వద్దనడం కూడా నాకు రాదు. అలా వెళ్లాను.

బడి వెనక పాత సామాను గది. విరిగిన బెంచీలు ఒక మూలకు నెట్టి ఉన్నాయి. ఆరోజు డాబా మీద చూసిన గుడ్డ అక్కడ అడ్డంగా కట్టి ఉంది. గుడ్డ కాదు, సిమెంటు సంచులు. చాలామంది పిల్లల నాన్నలు మేళ్లచెరువు దిక్కు ఫ్యాక్టరీల దగ్గర లోడింగుకో, లారీల మీదనో పోతారు. చిరిగిన సంచులు పిల్లలే తెస్తారట. వాటిని కోసి, కడిగి, కుట్టి, సున్నం రాసి, పైన కాలువ బొమ్మ వేశారు. కాలువ గట్టు, తూము, దూరంగా వరి. గాలి వస్తే ఆ కాలువ పెళపెళమనేది.

ముప్పై మంది పిల్లలు కింద కూర్చుని ఉన్నారు. సారు లోపలికి వచ్చి అన్న మొదటి మాట: "కిటికీలు తెరువుండ్రి."

నాలుగు కిటికీలు. మూడు తేలిగ్గా వచ్చాయి. నాలుగోదాన్ని కింది మూల అరచేత్తో ఒక్కటి కొడితే గానీ రాదు. ఆ దెబ్బ సారే కొట్టేవారు. ఆ తర్వాత నేను చూసిన ప్రతి శనివారం ఆ మాటతోనే మొదలైంది. వానాకాలం జల్లు లోపలికి కొడుతున్నా సరే. ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను. కిటికీలోంచి రోడ్డు చూపించారు. "గొంతు ఎంత దూరం పోవాల్నో ముందు కండ్లకు తెల్వాలె," అన్నారు. అంతకంటే వివరం ఆయన ఎప్పుడూ చెప్పరు.

నాకు తెర పక్కన ఒక స్టూలు వేశారు. చేతిలో నాటకం కాగితాలు పెట్టారు. ఎవరైనా మాట మర్చిపోతే మొదటి ముక్క మెల్లగా అందించాలి. అది నాకు తేలికే అనిపించింది. మొదటి రోజే ఎవరు ఆగినా అందించేశాను. అన్నీ అందించేశాను. గంట కొట్టాక సారు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"బిడ్డా, పిల్లలు ఆగిన్రా, మర్చిపోయిన్రా?"

నాకు తేడా తెలియలేదు.

"మొఖం జూడకు. మొఖానికి యాక్టింగ్ నేర్పిన గద, అది నిన్ను గూడ మోసం జేస్తది. కాళ్లు జూడు. మర్చిపోయినోళ్ల కాలేళ్లు ముడుసుకపోతయి. ముడుసుకోకపోతే ఊకో."

ఆయన నాటకాల్లో అందరూ ఒట్టి కాళ్లతోనే నిలబడేవారు. మరుసటి శనివారం నుంచి నేను కాళ్లనే చూశాను. నిజమే. మాట దొరకని పిల్ల చిరునవ్వు నవ్వుతూనే ఉంటుంది, చెయ్యి తిప్పుతూనే ఉంటుంది. కింద బొటనవేలు మాత్రం నేలను పట్టుకోవాలని చూస్తుంది.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. ఎవరి వేషం ఎవరిదని చివరి వారం వరకు చెప్పరు. అందరూ అన్నీ చెయ్యాలి. కామందు పాత్ర కూలివాళ్ల పిల్లలు, జీతగాడి పాత్ర భూములున్న వాళ్ల పిల్లలు ఒక్కసారన్నా చేసి తీరాలి. ఒకసారి చిలుకూరు నుంచి వచ్చే ఒక అబ్బాయి మొండికేశాడు.

"సార్, మా నాయిన జూస్తే కొడ్తడు. నేను జీతగాని లెక్క తువ్వాల నడుముకు కట్ట."

"మీ నాయిన రానీ. ఆయనకూ ఒక తువ్వాల ఉన్నది," అన్నారు సారు.

గదంతా నవ్వు. ఆ అబ్బాయి కూడా నవ్వి తువ్వాల కట్టుకున్నాడు.

నాటకాలు ఎక్కడినుంచో తెచ్చేవారు కాదు. పిల్లల ఇళ్లలో జరిగినవే. మేం అన్నిటికంటే ఎక్కువ రోజులు వేసుకున్న నాటకం అఖిల అనే తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. ఆమె నాన్న లారీ డ్రైవరు. అమ్మమ్మది త్రిపురారం దగ్గర ఒక ఊరు. కాలువ చివరి మళ్లకు నీళ్లు అందక, ఆ అమ్మమ్మ ఒక ఏడు తన వంతు రాకముందే తూము ఎత్తింది. మరునాడు ఊరివాళ్లు కూర్చుని ఎవరు ఎత్తారని అడిగారు. ఆమె చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, చివరికి "నేనే ఎత్తిన" అంది. నాటకమంతా ఆ మాట కోసమే.

"ఎంతసేపు నిలబడ్డదే మీ అమ్మమ్మ?" అని సారు అడిగారు.

అఖిల ఆలోచించింది. "పెద్దమనిషి తలకు చుట్టుకున్న తువ్వాల ఇప్పి, దులిపి, మళ్ల చుట్టుకునే దాక సార్."

"అయితే మనం గూడ గంతసేపు," అన్నారు. నా కాగితంలో ఆ చోట చిన్న గీత గీశారు. గీత పైన "తూము ఎవరు ఎత్తిన్రు?" గీత కింద "నేనే ఎత్తిన".

సారు రిటైరై అప్పటికే ఏడాది. ఆ బడికి మళ్లీ డ్రాయింగ్ మాస్టరు రాలేదు. అయినా శనివారం పొద్దునే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి వెళ్లేవారు. హెడ్మాస్టరు చెడ్డవారు కాదు. కోదాడకు అవతల పక్క ఊరాయన, మెత్తని మనిషి. ఆయనకు పదో తరగతి ఫలితాల బెంగ. ఒక శనివారం గదిలోకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"పోస్టే లేదు గదండీ సార్. లేని పోస్టుకు రెండు పీరియడ్లు ఎట్లా ఉంచేది? లెక్కల సారు స్పెషల్ క్లాసుకు అడుగుతున్నారు. పైవాళ్లు వస్తే టైంటేబుల్ చూపించాలి నేను."

సారు కుంచె తుడుచుకుంటూ విన్నారు.

"సూర్యాపేటల బడుల నాటకం పోటీలున్నయి. పోతం. ఏదన్న పట్టుకొస్తే చూపిస్తవా పైవాళ్లకు?"

"అప్పుడు చూపిస్తానండీ. ధైర్యంగా చూపిస్తాను."

"తేకపోతే పీరియడ్లు నీవే," అన్నారు సారు. అంతే ఒప్పందం. ముప్పై మంది పిల్లలూ విన్నారు. నేనూ విన్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు ఎవరూ ఒక్క శనివారం మానలేదు. అఖిల ఆ నిశ్శబ్దాన్ని ఎంత బాగా పట్టేదంటే, రిహార్సల్‌లో కూడా పిల్లలు దగ్గు ఆపుకునేవారు.

సూర్యాపేటలో ఆ హాలు పెద్దది. ప్రైవేటు బడుల పిల్లలు మెరుపుల బట్టల్లో వరండా అంతా నిండి ఉన్నారు. మా పిల్లలు సిమెంటు సంచుల తెర చుట్టను నలుగురు నాలుగు మూలలా పట్టుకుని మెట్లెక్కుతుంటే, ఎవరో "సామాను ఎనక గేటు నుంచి," అన్నారు. సారు నవ్వి, "సామాను గాదు, కాలువ," అన్నారు. స్టేజీ మీద మూడు మైకులు పైనుంచి వేలాడుతున్నాయి. ఒకటి నేను కూర్చునే పక్క తెరకు దగ్గరగా ఉంది. నేను దాన్ని చూశాను. చూసి కూడా దాని గురించి ఆలోచించలేదు.

నాటకం బాగా సాగింది. ఆ చోటు వచ్చింది. "తూము ఎవరు ఎత్తిన్రు?" అఖిల నిలబడింది. పెద్దమనిషి వేషం వేసిన అబ్బాయి తువ్వాల విప్పాడు. అంత పెద్ద హాలు చూసి వాడికి ఉత్సాహం వచ్చినట్టుంది. దులిపాడు, మళ్లీ దులిపాడు, నిజమైన పెద్దమనిషిలా తీరిగ్గా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. బళ్లో ఎప్పుడూ అంత సేపు కాలేదు. హాలంతా నిశ్శబ్దం. అందరూ ఈ పిల్లనే చూస్తున్నారు, ఈ పిల్ల మర్చిపోయింది, ఇక అయిపోయింది అనుకున్నాను. నేను అఖిల కాళ్లు చూడలేదు. ముఖం చూశాను. చూసి, అందించాను.

"నేనే ఎత్తిన."

నా గొంతు నాకు మైకులో వినిపించింది. హాలు వెనక గోడ దాకా వెళ్లి తిరిగి వచ్చింది. జీవితంలో నేను అంత గట్టిగా మాట్లాడింది అదొక్కసారే.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసల్లోంచి ఎవరో అరిచారు: "దొరికిందిరో దొంగ! తెర ఎనక ఉన్నది!"

హాలంతా పగలబడి నవ్వింది. అఖిల పెదవులు కదిలాయి. ఆమె కూడా ఆ మాట అంది, కానీ ఎవరికీ వినపడలేదు. అప్పుడు చూశాను కాళ్లు. రెండు పాదాలూ నేల మీద చదునుగా, నాటిన గుంజల్లా ఉన్నాయి. ఆ పిల్ల ఏమీ మర్చిపోలేదు.

మాకు ఏ బహుమతీ రాలేదు.

తిరుగు బస్సులో సారు జామకాయలు కొని పంచారు. పిల్లలు కాసేపు బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత వాళ్లకు నవ్వాగలేదు.

"అక్కా, తూము నువ్వే ఎత్తినవంట గద?"

"పోలీసోళ్లు కోదాడ బస్టాండ్ల ఉన్నరంట అక్కా, జర మొఖం కప్పుకో."

వాళ్లు నన్ను తేలికపరచాలనే అన్నారు. అఖిల మాత్రం కిటికీ దగ్గర కూర్చుని జామకాయ కొరకకుండా చేతిలో తిప్పుతూ ఉంది. నేను తలెత్తలేదు.

సోమవారం సారు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారట. ఎట్లా పోయిందని ఆయన అడిగితే, "తప్పు నాది. మైకు యాడున్నదో ముందుగల జూస్కోవాల్సింది నేను," అన్నారట. నా పేరు ఎత్తలేదు. ఇది నాకు తర్వాత ఆ హెడ్మాస్టరే చెప్పారు. టైంటేబుల్‌లో శనివారం చివరి రెండు గడుల్లో ఆ వారమే "లెక్కలు" అని పడింది.

నేను మళ్లీ వెళ్లలేదు. సారు గేటు చప్పుడైతే లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆయనే మా ఇంట్లోకి వచ్చారు. అమ్మ టీ పెడతానంటే, ఫ్లాస్కులో ఉందని దాని మూతలోనే పోసుకుని తాగారు. గోళ్లలో ఎప్పటిలాగే నీలం రంగు. నాటకం కాగితాలు నా ముందు పెట్టారు. చినిగిపోయి, జామకాయ మరకలతో ఉన్నాయి.

"ఇవి మంచిగ మళ్ల రాయాలె బిడ్డా. నీ అక్షరాలైతే నాకు అద్దాలు లేకున్న కనవడతయి."

"మళ్లీ ఎందుకు సార్? పీరియడ్లు పోయాయి కదా. నా వల్లనే పోయాయి."

ఆయన కాదనలేదు. ఆ చిన్న గీత ఉన్న చోట వేలు పెట్టారు.

"గీడ గీత పెట్టుడు నా తప్పు. గీత ఎంత సేపట్ల దాటుతది కన్ను? నువ్వు రాసేటప్పుడు గీడ సగం పేజీ ఖాళీ ఇడిసిపెట్టు. ఏం రాయకు. నీ కన్ను గంత దూరం నడిసి కిందికి వొచ్చేటాలకు పిల్లనే మాట్లాడతది."

లేస్తూ అన్నారు: "పీరియడ్లు పోయినయి. పగటియాళ్ల అన్నం బెల్లు పోలేదు గద."

అలాగే జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగిలే పావుగంటలో, సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు కింద నాటకం నడిచింది. శనివారం ఒక్కటే కాదు, ఆయనకు ఒంట్లో బాగుంటే వారంలో మూడు రోజులు. పిల్లలు తడిచేతులు లంగాలకు తుడుచుకుంటూ పరుగెత్తి వచ్చేవారు. అక్కడ తెర కట్టే వీలు లేదు, కిటికీలు లేవు. మొదటి రోజు సారు అలవాటుగా "కిటికీలు..." అని ఆగిపోయారు. పిల్లలు నవ్వి, లేని కిటికీలు చేతులతో తెరిచారు. ఒకడు నాలుగోదాన్ని గాల్లోనే అరచేత్తో కొట్టాడు. అప్పటినుంచి రోజూ అదే ఆట.

నేను రెండో వారం నుంచి వెళ్లాను. అఖిల నా పక్కకు వచ్చి కొత్త కాగితాలు చూసింది. ఖాళీ సగం పేజీని వేలితో మెల్లగా నిమిరింది. "ఇది నాదే గదక్కా?" అంది. అవునన్నాను. అంతకు మించి మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రెండేళ్ల పైన అలా నడిచింది. ఆయన చొక్కా వదులైంది. బస్టాపు నుంచి బడి దాకా నడవడానికి రెండు చోట్ల ఆగేవారు. ఆగినప్పుడు ఏదో చూస్తున్నట్టు నటించేవారు. అంతటి నటుడి యాక్టింగ్ నాకు తెలిసిపోయేది, ఎందుకంటే నేను కాళ్లు చూసేదాన్ని. దవాఖానకు పోయే ముందు రోజు కూడా గేటు దగ్గర నన్ను పిలిచి, "తెర మీద కాలువ రంగు దిగిపోయింది బిడ్డా, మళ్ల నీలం పుయ్యాలె," అన్నారు. ఆ డబ్బాలోని కుంచెలు నీలం కలిపి చూడటానికే తీసి ఉంటారు.

అంత్యక్రియలు అయ్యాక పెద్దమ్మ దగ్గర కూర్చున్నప్పుడు ఒక విషయం తెలిసింది. చిన్నప్పుడు సారు చదివిన ఊరి బళ్లో కూడా ఏడాదికి ఒక నాటకం ఉండేదట. రాజు, మంత్రి వేషాలు పెద్ద రైతుల పిల్లలకే. సారు వాళ్ల అమ్మానాన్నలు కూలికి పోయేవారు. అయిదేళ్లు ఆయన చేత తెర తాడే లాగించారట.

"అయిదేండ్లు తాడు పట్టుకోని, అందరి మాటలు నోటికి నేర్సుకున్నడు," అంది పెద్దమ్మ. "లగ్గమైన కొత్తల నాకు ఒక్కనికే ఒక్కడు ఆ నాటకమంత ఏసి సూపిచ్చిండు. రాజు ఆయినే, మంత్రి ఆయినే. తాడు గూడ లాగిండు."

ఆయన నాకు ఇది ఒక్కసారి కూడా చెప్పలేదు.

వారం తర్వాత బడిలో సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు నాకు కబురు పంపారు. "మాటలు ఎవరైనా మాట్లాడతారమ్మా. పిల్లలు నాటకం వేస్తే బాగుంటుందేమో," అన్నారు. అఖిల మిర్యాలగూడలో ఇంటర్ చదువుతోంది. పొద్దున బస్సుకు వచ్చింది. సామాను గదిలోంచి తెర తీసి దులిపితే దుమ్ము లేచింది. వరండాలో కట్టాం. నేను తెర వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. వెనకనుంచి చూస్తే సంచుల మీది అక్షరాలు సున్నం కిందనుంచి ఇంకా మసకగా కనిపిస్తాయి.

ముందు వరసలో పెద్దమ్మ, ఆమె పక్కన హెడ్మాస్టరు. ఆయన అప్పుడప్పుడు గడియారం చూసుకుంటున్నారు. భోజనం గంటకు అరగంటే ఉంది.

"తూము ఎవరు ఎత్తిన్రు?"

అఖిల నిలబడింది. పెద్దమనిషి తువ్వాల విప్పాడు. నా ముందు సగం పేజీ ఖాళీ. నేను ఆ తెల్లటి చోట వేలు పెట్టి, మెల్లగా కిందికి జరపడం మొదలుపెట్టాను. తువ్వాల చుట్టడం అయిపోయింది. అఖిల మాట్లాడలేదు. వంటగది దిక్కున గంటె గిన్నెకు తగిలింది. గాలికి తెర పెళపెళమంది. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా వేలు పేజీ అంచుకు వచ్చింది. అఖిల ఇంకా మాట్లాడలేదు. నేను కాళ్లు చూశాను. చదునుగా ఉన్నాయి. నోరు మూసుకున్నాను.

ఎంతసేపో చెప్పలేను. అమ్మమ్మ నిలబడ్డదానికంటే ఎక్కువే అయి ఉంటుంది.

"నేనే ఎత్తిన," అంది అఖిల.

గట్టిగా అనలేదు. రోడ్డు దాకా వినిపించింది. హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. భోజనం గంట ఆ రోజు ఆలస్యంగా కొట్టారు.

పది రోజుల తర్వాత పెన్షన్ కాగితానికి పెద్దమ్మ సంతకం కావాలంటే, అది పెట్టించి ఇవ్వడానికి బడికి వెళ్లాను. స్టాఫ్ రూమ్ గోడకు టైంటేబుల్ బోర్డు ఉంటుంది. శనివారం చివరి రెండు గడుల్లో, ఒకదాంట్లో "లెక్కలు" అలాగే ఉంది. చివరిదాన్ని ఎవరో చేత్తో తుడిచేశారు. సుద్ద మరక మిగిలింది. హెడ్మాస్టరు నా చూపు గమనించారు.

"ఒక్కటే ఇవ్వగలిగానమ్మా. ఏమని రాయాలో తెలియలేదు. పోస్టు లేదు గదా. ఖాళీగా ఉంచాను." కొంచెం ఆగి, "మీరు వస్తారా?" అన్నారు.

నాకు మాట రాలేదు. ఆయన దాన్ని సరే అనుకున్నారు.

ఆ శనివారం సారు ఎక్కే బస్సే ఎక్కాను. సామాను గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. పిల్లలు కింద కూర్చుని ఉన్నారు. సగం మంది నాకు తెలియని వాళ్లు, ఆరో తరగతి వాళ్లు. గది చీకటిగా, ఉక్కగా ఉంది. నేను స్టూలు కోసం చూశాను. తెర పక్కన అది అలాగే ఉంది. కానీ అక్కడ కూర్చుంటే వీళ్ల ముందు ఎవరు నిలబడాలి?

నిలబడ్డాను. వారమంతా రాసుకుని వచ్చిన మాటలున్నాయి. ఒక్కటీ రాలేదు. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. నేను నవ్వడానికి ప్రయత్నించాను. చెయ్యి ఏదో తిప్పాను.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి, షెడ్డు కింద ఆఖరి కొన్ని నెలలే సారు దగ్గర నేర్చుకున్నది, నా ముఖం చూడటం మానేసి తల దించింది. నా కాళ్లు చూసింది. వేళ్లు నేలను పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ పిల్ల తలెత్తకుండానే, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా, మొదటి ముక్క మాత్రం అందించింది.

"కిటికీలు..."

"కిటికీలు తెరువుండ్రి," అన్నాను.

పిల్లలు లేచారు. ఒకటి, రెండు, మూడు తెరుచుకున్నాయి. నాలుగోదాని కింది మూల ఎవరో అరచేత్తో గట్టిగా ఒక్కటి కొట్టారు. వెలుతురు వచ్చి తెర మీద సగం నీలం దిగిపోయిన కాలువ మీద పడింది. బయట రోడ్డు మీద ఒక లారీ పోతోంది. ముప్పై మందీ కిటికీల దగ్గర నిలబడి, గొంతు ఎంత దూరం పోవాలో కళ్లతో చూస్తున్నారు.